నివురుగప్పిన ఎలక్ట్రాన్లు

మే నెల మొదట్లో రాత్రి పదింటికి డాబా మీద పడుకుని పైకి చూస్తే, తూర్పు వైపు నారింజ రంగులో స్వాతి నక్షత్రం మెరుస్తూ ఉంటుంది. నడినెత్తికి దగ్గర్లో ఉత్తర ఫల్గుణి. ఆ రెంటినీ ఊహలో ఒక గీతతో కలపండి. గీత మధ్య నుంచి ఉత్తరానికి, చాపిన చేతి పిడికిలి ఎంత వెడల్పు కనిపిస్తుందో అంత దూరం జరగండి. అక్కడ కంటికి ఏమీ ఆనదు. కానీ ఆ దిశలో, 32 కోట్ల కాంతి సంవత్సరాల అవతల, వెయ్యికి పైగా గెలాక్సీలు ఒకే చోట గుమిగూడి ఉన్నాయి. ఆ గుంపు పేరు కోమా క్లస్టర్. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే ఖగోళ శాస్త్రవేత్త కృష్ణ పదార్థం (వెలుగు ఇవ్వకుండా, గురుత్వాకర్షణతో మాత్రమే ఉనికి తెలిసే డార్క్ మ్యాటర్) ఉందని అనుమానించింది దీన్ని చూసే.

ఆ కథ చాలామంది చెప్పారు. అదే క్లస్టర్‌లో పెద్దగా ఎవరూ చెప్పుకోని ఇంకో చిక్కుముడి ఉంది. 1959లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో ఉన్న 76 మీటర్ల రేడియో టెలిస్కోప్ డిష్‌ని లార్జ్, మాథ్యూసన్, హాస్లమ్ అనే ముగ్గురు ఇటు తిప్పి 408 మెగాహెర్ట్జ్ దగ్గర చూశారు. చుక్కల్లా కనిపించే గెలాక్సీలతో పాటు, వాటిని కప్పుతూ మంచులా పరుచుకున్న రేడియో వెలుగు ఒకటి కనిపించింది. కనిపించనంత చిన్న చుక్కలు చాలా కలిసి అలా అలుక్కుపోయాయేమో అన్న అనుమానం సహజమే. 1970లో విల్సన్ అనే శాస్త్రవేత్త కేంబ్రిడ్జ్ టెలిస్కోప్‌తో గెలాక్సీల వాటాని విడివిడిగా లెక్కగట్టి తీసేశారు. అయినా వెలుగు మిగిలే ఉంది. అంటే అది గెలాక్సీలది కాదు, గెలాక్సీల మధ్య ఉన్న చోటుది. దాని వెడల్పు 30 లక్షల కాంతి సంవత్సరాల పైమాటే. మన పాలపుంత నుంచి ఆండ్రోమెడా గెలాక్సీకి ఉన్న దూరం 25 లక్షలు మాత్రమే.

ఇలాంటి వెలుగుకి రేడియో హాలో అని పేరు. రేడియో అనగానే చప్పుడు అనుకుంటాం కానీ, ఇక్కడ వినడానికేమీ లేదు. రేడియో తరంగం కూడా కాంతే, మన కంటికి అందని పొడవాటి కాంతి. అందుకే వెలుగు అంటున్నాను.

ఖాళీ కాని ఖాళీ

క్లస్టర్ అంటే గెలాక్సీల గుంపు అని పేరుకే. బరువు తూచితే గెలాక్సీల వాటా వందలో కొద్ది పాళ్ళే. ఎనభై పాళ్ళకు పైగా కృష్ణ పదార్థం. మిగతాది వేడి వాయువు, అంటే గెలాక్సీలన్నిటినీ ముంచెత్తి ఉన్న ప్లాస్మా, ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు విడిపోయి తిరిగే వాయువు. కోమాలో దాని వేడి దాదాపు 10 కోట్ల డిగ్రీలు. పలచన సంగతి చెప్పాలంటే, మన గదిలో లీటరు గాలిలో ఎన్ని అణువులుంటాయో రాయడానికి ఇరవైకి పైగా అంకెలు కావాలి. అక్కడ లీటరుకి ఒక్క ప్రోటాన్, ఒక్క ఎలక్ట్రాన్ ఉంటే గొప్ప. ఇంత వేడి వాయువు ఎక్స్‌రేలలో మెరుస్తుంది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర టెలిస్కోప్ 1999 నుంచి ఈ మెరుపుని ఫొటోలు తీస్తోంది.

అయితే ఎంత వేడిగా ఉన్నా, హాలో రేడియో వెలుగు ఈ వాయువు ఇచ్చేది కాదు. దానికి రెండు కావాలి. ఒకటి, దాదాపు కాంతి వేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లు. రెండు, వాటి దారిని వంచే అయస్కాంత క్షేత్రం. వంపు తిరిగేటప్పుడు ఎలక్ట్రాన్ శక్తిని వదులుతుంది. దాన్నే సింక్రోట్రాన్ కాంతి అంటారు. ఇండోర్‌లో ఇండస్-2 అనే యంత్రం ఉంది. అందులో ఎలక్ట్రాన్లకు 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని ఇచ్చి, బలమైన అయస్కాంతాల మధ్య తిప్పి ఇదే కాంతిని పుట్టిస్తారు. హాలోలోని ఎలక్ట్రాన్ల శక్తి అటూఇటుగా దానికి రెట్టింపు. అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌ని చూస్తే మరీ మన ఊహకు అందనిదేమీ కాదు. తేడా అంతా అయస్కాంతంలో ఉంది. క్లస్టర్‌లో దాని బలం భూమి అయస్కాంత క్షేత్రంలో లక్షో వంతు, ఇంకా తక్కువే. అంత బలహీనమైన క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ ఎక్స్‌రేలు కాదు, కొన్ని వందల మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు ఇస్తుంది.

పదికోట్ల ఏళ్ళ గడువు

అసలు ముడి ఇక్కడ పడింది. శక్తిని వదులుతున్న ఎలక్ట్రాన్ అలసిపోవాలి కదా. అది రెండు రకాలుగా ఖర్చవుతుంది. ఒకటి మనం చూసే రేడియో. రెండోది, విశ్వం పుట్టుక నాటి వేడికి గుర్తుగా అంతటా నిండి ఉన్న మైక్రోవేవ్ కాంతిని ఢీకొని, దానికి తన శక్తిని ధారపోయడం. తమాషా ఏమిటంటే, చాలా క్లస్టర్లలో ఎక్కువ ఖర్చు ఈ రెండో దానికే. మనకి కనిపించే రేడియో చిల్లర ఖర్చు. రెండూ కలిపి లెక్క వేస్తే ఎలక్ట్రాన్ సుమారు 10 కోట్ల ఏళ్ళలో నీరసించిపోతుంది.

పది కోట్ల ఏళ్ళంటే చాలా టైమే కదా, కాంతి వేగంతో పోయేవాడికి 30 లక్షల కాంతి సంవత్సరాలు దాటడం ఎంతసేపు అనిపిస్తుంది. నాకూ మొదట్లో ఇక్కడే తల తిరిగింది. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాణ్ణి ఊహించుకోండి. వాడి కాళ్ళలో వేగానికేం కొదవ లేదు. కానీ రెండడుగులు వేస్తే ఒకరు అడ్డం, పక్కకి తిరిగితే ఇంకొకరు. గంటసేపు పరుగెత్తినా మిఠాయి కొట్టు దగ్గరే ఉంటాడు. క్లస్టర్‌లో అయస్కాంత గీతలు చిక్కుపడ్డ నూలులా ఉంటాయి. ఎలక్ట్రాన్ వాటి చుట్టూ మెలికలు తిరుగుతూ, చిక్కు తగిలిన చోటల్లా దారి మారుస్తూ పోతుంది. చివరికి అది బయటికి జరిగే వేగం సెకనుకు వంద కిలోమీటర్ల స్థాయిలోనే ఉంటుంది. ఆ వేగంతో 10 కోట్ల ఏళ్ళలో పోగలిగేది సుమారు 33 వేల కాంతి సంవత్సరాలు. అంటే పాలపుంత వెడల్పులో మూడో వంతు. హాలో మధ్య నుంచి అంచుకు పోవాలంటే 15 లక్షలు కావాలి.

1970ల్లోనే ఈ లెక్క తేలింది. ఏదో ఒక గెలాక్సీలో పుట్టిన ఎలక్ట్రాన్లు పాకుతూ వచ్చి హాలో అంతా నిండాయన్న మాట అక్కడితో పోయింది. అవి ఎక్కడ వెలుగుతున్నాయో అక్కడే వాటికి శక్తి అందాలి. ఒక చోట కాదు, లక్షల కాంతి సంవత్సరాల పొడవునా, ఇంచుమించు ఒకే కాలంలో. ఆ పని ఎవరు చేస్తున్నారు?

ఢీకొన్న గుంపులు

క్లస్టర్లు ఒక్క రోజులో పుట్టినవి కావు. చిన్న గుంపులు గురుత్వాకర్షణతో ఒకదానిలో ఒకటి పడి పెద్దవయ్యాయి. రెండు పెద్ద క్లస్టర్లు సెకనుకు 2,000 కిలోమీటర్లకు పైగా వేగంతో కలిస్తే ఏమవుతుంది? గెలాక్సీల మధ్య దూరం ఎక్కువ కాబట్టి అవి పెద్దగా తగులుకోకుండా జారిపోతాయి. కృష్ణ పదార్థమూ అంతే. ఢీకొనేది వాయువు. దానికి తప్పించుకునే దారి లేదు. నూరు కోట్ల ఏళ్ళ పాటు సాగే ఈ తాకిడిలో విడుదలయ్యే శక్తి, సూర్యుడు తన జీవితకాలమంతా వెదజల్లే శక్తికి సుమారు 10 లక్షల కోట్ల రెట్లు. మహావిస్ఫోటం తర్వాత ఇంత శక్తి విడుదలయ్యే సంఘటన మరొకటి లేదు. అందులో చాలా భాగం వాయువుని వేడెక్కించడానికి పోతుంది. రవ్వంత మాత్రం అయస్కాంత క్షేత్రాలకీ, ఎలక్ట్రాన్లకీ దక్కుతుంది. ఆ రవ్వంతే మన హాలోకి చాలు.

తాకిడికీ హాలోకీ సంబంధం ఉందని చెప్పడం తేలిక, చూపించడం కష్టం. చూపించడంలో పెద్ద పాత్ర మన దగ్గరున్న జీఎంఆర్‌టీ (జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్)ది. పుణెకి ఉత్తరంగా 80 కిలోమీటర్ల దూరంలో, నారాయణ్‌గావ్ పక్కన ఖోడద్ అనే ఊళ్ళో ఉంది. రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ ఆలోచన అది. 45 మీటర్ల వెడల్పున్న డిష్‌లు ముప్ఫై. దగ్గరికి వెళ్ళి చూస్తే గట్టి రేకు కనిపించదు, తాళ్ళకు బిగించిన సన్నటి తీగల వల కనిపిస్తుంది. మీటరు, రెండు మీటర్ల పొడవున్న తరంగాలకు ఆ వల కన్నులు కన్నులే కావు, నున్నటి అద్దమే. బరువు తగ్గింది, గాలికి తట్టుకుంది, ఖర్చూ కలిసొచ్చింది. నా లెక్కలో భారతీయ ఇంజినీరింగ్‌లో అందమైన ఆలోచనల్లో ఇదొకటి.

హాలోలను వెతకడానికి జీఎంఆర్‌టీ అమరిక బాగా సరిపోయింది. డిష్‌లను దూరదూరంగా పెడితే సన్నటి వివరాలు తెలుస్తాయి కానీ, విశాలంగా పరుచుకున్న వెలుగు అసలు కనపడకుండా జారిపోతుంది. దాన్ని పట్టాలంటే దగ్గరదగ్గరగా ఉన్న డిష్‌లు కావాలి. ముప్ఫైలో పద్నాలుగు డిష్‌లు చదరపు కిలోమీటరు చోటులో కూర్చున్నాయి, మిగతా పదహారు ఇంగ్లిష్ వై అక్షరంలా 25 కిలోమీటర్ల వరకూ పరుచుకున్నాయి. దూరంగా ఉన్నవాటితో ఒక్కో గెలాక్సీ చుక్కని గుర్తుపట్టి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేసి, దగ్గరున్నవాటితో మిగిలిన పలచటి వెలుగుని చూడొచ్చు.

2000ల్లో ఇటలీ శాస్త్రవేత్తలు తిజియానా వెంచూరి, జాన్‌ఫ్రాంకో బ్రునెట్టి తదితరులు జీఎంఆర్‌టీతో సుమారు యాభై పెద్ద క్లస్టర్లను 610 మెగాహెర్ట్జ్ దగ్గర వరుసబెట్టి చూశారు. అన్నీ భారీవే, అన్నీ ఎక్స్‌రేలలో ధగధగలాడేవే. హాలో ఉన్నది మాత్రం సుమారు మూడో వంతుకి. లేని చోట కొంచెం తక్కువగా ఉండటం కాదు, దాదాపు ఏమీ లేదు. మధ్యరకం చాలా అరుదు. 2010లో రోసెల్లా కస్సానో బృందం ఇవే క్లస్టర్ల చంద్ర ఎక్స్‌రే చిత్రాలను పక్కన పెట్టి చూసింది. హాలో ఉన్నవాటిలో వాయువు చెల్లాచెదురై, ఈ మధ్యే ఢీకొన్న ఆనవాళ్ళతో ఉంది. హాలో లేనివి చాలావరకు గుండ్రంగా, ప్రశాంతంగా ఉన్నాయి. అంటే హాలో క్లస్టర్‌కి పుట్టుకతో వచ్చే ఆస్తి కాదు. ఢీకొన్నప్పుడు వెలిగి, సర్దుకున్నాక ఆరిపోతుంది.

ఎవరు నెడుతున్నారు?

రెండు సమాధానాలు చాలాకాలం పోటీపడ్డాయి. మొదటిది ప్రోటాన్ల మీద ఆధారపడింది. ప్రోటాన్లు ఎలక్ట్రాన్లలా అలసిపోవు, వందల కోట్ల ఏళ్ళు వేగంగానే ఉంటాయి. కాబట్టి అవి క్లస్టర్ అంతా నిండిపోవచ్చు. అవి అక్కడున్న వాయువుని కొట్టినప్పుడల్లా కొత్త ఎలక్ట్రాన్లు పుడతాయి. దూరం సమస్య ఒక్క దెబ్బతో తీరిపోతుంది. చూడముచ్చటైన ఆలోచనే. కానీ ఆ తాకిడిలో గామా కిరణాలు కూడా పుట్టి తీరాలి. గామా కిరణాలను చూడటానికి 2008లో పైకి వెళ్ళిన ఫెర్మీ టెలిస్కోప్ ఏళ్ళ తరబడి చూసినా, హాలోలకు సరిపడా గామా కిరణాలు క్లస్టర్లలో దొరకలేదు. కోమా వైపు నుంచి కొద్దిపాటి గామా సంకేతం ఉందని కొందరు చూపించారు కానీ, హాలో మొత్తాన్ని ప్రోటాన్లే నడిపించడానికి అది చాలదు.

రెండోది అల్లకల్లోలం మీద ఆధారపడింది. ఢీకొన్న వాయువులో లక్షల కాంతి సంవత్సరాల పెద్ద సుడులు లేస్తాయి, అవి చిన్న సుడులుగా విడిపోతూ పోతాయి. వాటితో పాటు కదిలే అయస్కాంత చిక్కులు అన్ని దిక్కులకీ పోతుంటాయి. ఎలక్ట్రాన్‌కి చిక్కు ఎదురొచ్చి తగిలితే వేగం పెరుగుతుంది, వెనక నుంచి తగిలితే తగ్గుతుంది. మరి రెండూ సమానమై పోవూ? పోవు. హైవే మీద బండి నడుపుతుంటే, రెండు వైపులా సమానంగా వాహనాలున్నా, మనని వెనక నుంచి దాటేవాటికంటే ఎదురుగా వచ్చేవే ఎక్కువ తగులుతాయి కదా. ఎలక్ట్రాన్‌కీ అంతే. ఒక్కో దెబ్బకీ లాభం అణువంత, కానీ మొత్తం మీద లాభమే. 1949లో ఎన్రికో ఫెర్మీ కాస్మిక్ కిరణాల కోసం చేసిన ఆలోచన ఇది. మెల్లగా పనిచేస్తుంది, అయితే సుడులు ఎక్కడుంటే అక్కడల్లా పనిచేస్తుంది.

ఈ మెల్లదనం నుంచే ఒక జోస్యం పుట్టింది. చిన్నపాటి తాకిడి అయితే ఎలక్ట్రాన్లు పెద్ద శక్తులకు చేరలేవు. అలాంటి హాలో ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కనపడకుండా, తక్కువ ఫ్రీక్వెన్సీలో మాత్రమే కనపడాలి. ప్రోటాన్ల సిద్ధాంతంలో ఇలాంటివాటికి చోటు దొరకడం కష్టం. 2008లో జీఎంఆర్‌టీ అచ్చం అలాంటిదాన్నే ఆబెల్ 521 అనే క్లస్టర్‌లో పట్టింది. 240 మెగాహెర్ట్జ్ దగ్గర స్పష్టంగా ఉన్న హాలో, ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే కొద్దీ సుమారు నాలుగో వంతుకు పడిపోతోంది. మామూలు హాలో అయితే సగం కంటే కొంచెం కిందికి మాత్రమే దిగుతుంది. 1,400 మెగాహెర్ట్జ్‌తో మాత్రమే చూసేవాళ్ళకి అది దాదాపు లేనట్టే. నా దృష్టిలో పోటీ సుడుల వైపు మొగ్గింది ఇక్కడే.

సాసేజ్, టూత్‌బ్రష్, అగరుబత్తి

హాలో మధ్యలో ఉంటే, కొన్ని క్లస్టర్ల అంచుల్లో విల్లులా వంగిన సన్నటి రేడియో చాపాలు కనిపిస్తాయి. వీటిని రెలిక్‌లు అంటారు. ఆబెల్ 3376లో రెండు వైపులా రెండు చాపాలు ఉన్నాయి. పుణెలో పనిచేసిన జయదీప్ బాగ్చీ బృందం 2006లో వాటిని చూపించింది. పేర్ల విషయంలో ఖగోళ శాస్త్రవేత్తలకు అప్పుడప్పుడు ఆకలి వేస్తుంది, అప్పుడప్పుడు పళ్ళు తోముకోవాలనిపిస్తుంది. ఒక రెలిక్ పేరు సాసేజ్, ఇంకోదాని పేరు టూత్‌బ్రష్. 2010లో రైనౌట్ వాన్ వీరెన్ బృందం చూపించిన సాసేజ్ పొడవు 65 లక్షల కాంతి సంవత్సరాలు, మందం 2 లక్షల లోపే.

ఢీకొన్న వాయువులో ధ్వనిని మించిన వేగంతో బయటికి దూసుకుపోయే షాక్ తరంగం వల్ల ఇవి వెలుగుతాయి. షాక్‌కి అటూ ఇటూ వాయువు వేర్వేరు వేగాలతో ఉంటుంది. ఒకదానికొకటి దగ్గరవుతున్న రెండు గోడల మధ్య బంతి ఎలా వేగం పుంజుకుంటుందో, ఎలక్ట్రాన్ షాక్‌ని అటూ ఇటూ దాటిన ప్రతిసారీ అలా పుంజుకుంటుంది. సుడుల పని కంటే ఇది చురుకైన పని. సాసేజ్‌ని వెడల్పు వైపు కోసి చూస్తే సంగతి తెలుస్తుంది. బయటి అంచున ఎలక్ట్రాన్లు తాజాగా ఉంటాయి, లోపలికి వచ్చే కొద్దీ అలసట పెరుగుతుంది. వెలిగించిన అగరుబత్తి లాగా కొసన నిప్పు, దాని వెనక బూడిద. నిప్పు కదులుతూ పోతుంది, బూడిద ఉన్నచోటే మిగులుతుంది.

ఇంతవరకూ బాగుంది. చిక్కు షాక్ బలంలో ఉంది. షాక్ ధ్వనికి ఎన్ని రెట్ల వేగంతో పోతోందో రేడియోతో లెక్క కట్టొచ్చు, ఎక్స్‌రేతోనూ కట్టొచ్చు. టూత్‌బ్రష్ విషయంలో రేడియో 3 దగ్గర, ఆ పైన చెబుతుంటే, ఎక్స్‌రే 2 కూడా దాటలేదు. అంత బలహీనమైన షాక్, పది కోట్ల డిగ్రీల వాయువులోంచి మామూలు ఎలక్ట్రాన్లను ఎత్తుకుని కాంతి వేగానికి చేర్చడమంటే నమ్మబుద్ధి కాదు. శక్తి లెక్క కుదరదు.

దారి చూపించింది మన సామెతే అనుకోవచ్చు, నివురుగప్పిన నిప్పు. అలసిపోయిన ఎలక్ట్రాన్ చచ్చిపోదు. ఎంత నీరసిస్తే అంత నెమ్మదిగా ఖర్చుపెడుతుంది. రేడియో టెలిస్కోప్‌కి కనపడని స్థాయికి దిగిన తర్వాత వందల కోట్ల ఏళ్ళు అలాగే ఉండగలదు. గెలాక్సీల నడుమ ఉండే భారీ కృష్ణ బిలాలు ఎప్పుడో ఊదిన ఎలక్ట్రాన్లు ఇలా క్లస్టర్ నిండా బూడిద కింద కణకణలాడుతూ ఉంటే, బలహీనమైన షాక్ కూడా వాటిని రాజేయగలదు. సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు.

2017లో ఆబెల్ 3411, 3412 అనే క్లస్టర్ల జంటలో ఇది కళ్ళకు కట్టింది. జీఎంఆర్‌టీ, చంద్ర తదితర టెలిస్కోపులతో చూస్తే, ఒక గెలాక్సీ నుంచి వెలువడిన రేడియో తోక దూరం పోయే కొద్దీ ఆరిపోతూ వెళ్ళి, సరిగ్గా ఎక్స్‌రేలో షాక్ ఉన్న చోట మళ్ళీ భగ్గుమంది. దాని తర్వాత రెలిక్ మొదలైంది. బూడిద ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు ఊదారో ఒకే ఫొటోలో ఉంది. హాలోలకీ ఇదే వర్తిస్తుందని ఇప్పుడు చాలామంది నమ్మకం. సుడులు మామూలు ఎలక్ట్రాన్లను కాదు, ముందే ఉన్న ఈ ముసలి ఎలక్ట్రాన్లను లేపుతున్నాయన్నమాట. అలాంటప్పుడు ప్రోటాన్ల వాదం కూడా పూర్తిగా ఓడిపోలేదు. ఆ ముసలి ఎలక్ట్రాన్లలో కొన్ని దాని వాటాగా రావొచ్చు.

ఢీకొనని కొన్ని క్లస్టర్లలో కూడా, ఉదాహరణకి పెర్సియస్‌లో, మధ్యలో మినీ హాలో ఒకటి ఉంటుంది. ప్లేటులో పులుసు ఊగినట్టు, వాయువు మెల్లగా ఊగితే ఆ చిన్న సుడులే దానికి చాలు. దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ఢీకొనకముందే

ఫ్రీక్వెన్సీ తగ్గే కొద్దీ ముసలి ఎలక్ట్రాన్లు కనిపిస్తాయి కాబట్టి, వేట ఇప్పుడు అటు నడుస్తోంది. నెదర్లాండ్స్ కేంద్రంగా యూరప్ అంతా పరుచుకున్న లోఫార్ అనే రేడియో టెలిస్కోప్ 144 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే మన ఎఫ్‌ఎం స్టేషన్లకు కాస్త పైన, ఆకాశాన్ని జల్లెడ పడుతోంది. 2022లో దాని జాబితాలోని 309 క్లస్టర్లలో, ఖాయం కానివాటితో కలిపి, 83 హాలోలు, 26 చోట్ల రెలిక్‌లు తేలాయి. అదే ఏడాది వర్జీనియా కుచ్చిటి బృందం నాలుగు క్లస్టర్లలో మామూలు హాలో బయట ఇంకో పలచటి వెలుగుని చూసింది. దానికి మెగాహాలో అని పేరు పెట్టారు. అది నింపే చోటు మామూలు హాలోకి ముప్ఫై రెట్లు.

ఇంకా ఇబ్బంది పెట్టేది 2019 నాటిది. ఆబెల్ 399, ఆబెల్ 401 ఒకదానికొకటి కోటి కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న రెండు క్లస్టర్లు. అవి ఇంకా ఢీకొనలేదు, దగ్గరవుతున్నాయి. ఫెడెరికా గొవోనీ బృందం లోఫార్‌తో చూస్తే రెంటినీ కలుపుతూ రేడియో వంతెన ఒకటి కనిపించింది. ఇప్పటిదాకా చెప్పిందంతా ఢీకొన్న తర్వాత లేచే సుడుల కథ, షాక్‌ల కథ. ఇక్కడ ఢీ అన్నదే ఇంకా జరగలేదు. మరి ఆ వంతెన పొడవునా ఎలక్ట్రాన్లను ఎవరు లేపారు? అంతకన్నా ముందు, అంత పలచటి చోట అయస్కాంత క్షేత్రం ఎక్కడి నుంచి వచ్చింది? గెలాక్సీలు వెదజల్లిందా, విశ్వం తొలినాళ్ళ నుంచీ ఉందా? ఆస్ట్రేలియా ఎడారిలో కడుతున్న, ఎస్‌కేఏ (స్క్వేర్ కిలోమీటర్ అరే) అనే రేడియో టెలిస్కోప్‌కి చెందిన తక్కువ ఫ్రీక్వెన్సీ యాంటెన్నాలు 50 నుంచి 350 మెగాహెర్ట్జ్ మధ్య వినబోతున్నాయి, ఆ ప్రాజెక్టులో మన వాటాకి 1,250 కోట్ల రూపాయలు కేంద్రం మంజూరు చేసింది. ఇలాంటి వంతెనలు ఒక్కచోటే ఉన్నాయా, క్లస్టర్ల మధ్య ప్రతిచోటా ఉన్నాయా అన్నది అక్కడే తేలాలి.